పొటాష్ బస్తా నుంచి ఎవరూ ముందే చెప్పలేని బిట్లు తీయడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి శివారు పిల్లకాలువ కింద 11 మంది రైతుల పొలాలున్నాయి. వంశధార నీళ్ళు అక్కడికి చేరేసరికి సన్నబడిపోతాయి కాబట్టి వంతులు వేసుకుంటారు. ఎవరి వంతు ముందు అన్నది చీటీలతో తేలుస్తారు. ఆ మధ్య ఒక ఏడాది చీటీలు తీసే పని నాకు అప్పజెప్పారు, సైన్సు చెప్పే మేస్టారిని కదా అని. నేను కాగితాలు మడవకుండా ఫోన్‌లో ఒక యాప్ తెరిచి అంకెలు తీశాను. ఆఖరి వంతు పడ్డ పెద్దాయన గొడవేమీ పెట్టలేదు. ఒక్క మాట మాత్రం అడిగాడు: "మేస్టారూ, ఆ ఫోనుకి ఈ నంబరు ఎవులు సెప్పినారు?"

చాలా మంచి ప్రశ్న అది. ఫోనుకు ఆ అంకె చెప్పింది ఒక లెక్క. మామూలు ప్రోగ్రాములు ఒక మొదటి సంఖ్యను తీసుకుని, దాన్నే గుణించి, కలిపి, తిప్పి, చూడటానికి ఒక వరసంటూ లేనట్టు కనిపించే అంకెల్ని పుట్టిస్తాయి. ఆ మొదటి సంఖ్యను సీడ్ అంటారు. పేరుకు తగ్గట్టే అది విత్తనం. అదే విత్తనం మళ్ళీ వేస్తే అదే పంట వస్తుంది, ఒక్క గింజ తేడా ఉండదు. విత్తనం తెలిసినవాడికి పంటంతా తెలిసినట్టే. కంప్యూటర్లను నడిపించే వ్యవస్థల్లో ఒకటైన డెబియన్ లినక్స్‌లో జరిగిన ఒక చిన్న సవరణ వల్ల 2006 నుంచి 2008 మే దాకా సమాచారాన్ని కాపాడే రహస్య తాళాలు తయారుచేసే ప్రోగ్రాముకు ఒక్కో రకం తాళానికి 32,768 విత్తనాలే మిగిలాయి. అన్నింటినీ ఒక్కొక్కటిగా వేసి చూడటం కంప్యూటరుకు పెద్ద పని కాదు. అమెరికాలో పలు రాష్ట్రాల లాటరీలు నడిపే సంస్థలో సెక్యూరిటీ చూసే ఎడ్డీ టిప్టన్ అనే ఉద్యోగి ఏకంగా ప్రోగ్రాములోనే కొన్ని లైన్లు చేర్చి, ఏడాదిలో కొన్ని తేదీల్లో ఏ అంకెలు పడతాయో ముందే తెలుసుకున్నాడు. 2017లో నేరం ఒప్పుకున్నాడు.

ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు తమ లోపలి ఎలక్ట్రానిక్ సందడిని కూడా విత్తనంలో కలుపుకుంటాయి. రోజువారీ పాస్‌వర్డులకు అది చాలు, భయపడక్కర్లేదు. కానీ ఆ పెద్దాయన ముందు పెట్టి "దీనికి ఎవరూ చెప్పలేదు, చెప్పలేరు కూడా" అని చూపించగలిగే బిట్లు, అంటే 0, 1 అనే అంకెలు, కావాలనిపించింది. దానికి కావలసిన ముడిసరుకు మా వసారాలోనే బస్తాలో ఉంది.

పొటాష్ ఎందుకు?

వరికి సగం దమ్ములో, సగం అంకురం దశలో వేసే ఎర్ర పొటాష్ మీకు తెలిసిందే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. అందులో బరువుకు సుమారు సగం పొటాషియమే. ఈ భూమ్మీద ఎక్కడి పొటాషియం తీసుకున్నా, 10,000 పరమాణువుల్లో ఒకటికంటే కాస్త ఎక్కువగా పొటాషియం-40 అనే రకం ఉంటుంది. దానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంది. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 కేంద్రకాలు విఘటనం చెందుతాయి. అంటే కిలో పొటాష్‌లో సెకనుకు 15,000 పైచిలుకు. ఇది విని గాభరా పడకండి. అన్నం, అరటిపండు, కొబ్బరినీళ్ళ ద్వారా చేరిన పొటాషియం వల్ల మన ఒంట్లోనే సెకనుకు 4,000 పైగా ఇలాంటి విఘటనాలు జరుగుతూ ఉంటాయి. బస్తా పక్కన పడుకుని పెరిగిన పిల్లలం మనం.

ఆ కేంద్రకాల్లో 89 శాతం దాకా ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి విసిరి కాల్షియంగా మారతాయి. మిగిలినవి ఆర్గాన్ అవుతాయి. గీగర్ కౌంటర్ అనే పరికరానికి ఆ ఎలక్ట్రాన్ తగిలినప్పుడు వినిపించేదే మనం పట్టుకోబోయే చప్పుడు.

అయితే ఏ కేంద్రకం ఎప్పుడు మారుతుంది? ఇక్కడే పరమాణువులంత చిన్నవాటి నడకను చెప్పే సిద్ధాంతం, క్వాంటమ్ మెకానిక్స్, వస్తుంది. అరసవల్లి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఏయే రోజుల్లో అన్నది ముందే చెప్పవచ్చు, అడ్డొచ్చేది మబ్బు ఒక్కటే. గ్రహణాలనైతే వందేళ్ళ ముందే నిమిషాలతో సహా రాసిపెట్టవచ్చు. అంత పెద్ద సూర్యుడి విషయంలో సాగిన లెక్క ఒక్క పొటాషియం కేంద్రకం దగ్గర సాగదు. పొటాషియం-40 అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరాలు. అంటే ఇప్పుడున్నవాటిలో సగం మారడానికి అంతకాలం పడుతుంది. కానీ ఏ సగం? లోపల ఎక్కడా గడియారం లేదు. కేంద్రకానికి ముసలితనం రాదు. 125 కోట్ల ఏళ్ళుగా ఆగి ఉన్నదానికీ, ఇప్పుడే పుట్టినదానికీ వచ్చే సెకనులో మారిపోయే అవకాశం సరిగ్గా ఒకటే.

ఈ క్వాంటమ్ సిద్ధాంతం మనకిచ్చేది అవకాశం మాత్రమేనని 1926లో మాక్స్ బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పాడు. మనకు తెలియని కారణమేదో లోపల దాగి ఉండవచ్చు కదా అని చాలామందికి అనుమానం ఉండేది. దూరంగా ఉన్న రెండు కణాల మీద కొలతలు తీసి ఆ అనుమానాన్ని పరీక్షించే దారిని 1964లో జాన్ బెల్ చూపించాడు. ఆ ప్రయోగాలు చేసిన అలెన్ ఆస్పె, జాన్ క్లౌజర్, ఆంటన్ జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. కణాలు ముందే జవాబులు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాయి, చుట్టుపక్కల విషయాలే వాటిని నడిపిస్తున్నాయి అనే మాట ఆ ప్రయోగాల ముందు నిలబడలేదు.

కావలసినవి

గీగర్ కౌంటర్ కిట్ ఒకటి, ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న కంప్యూటర్ బోర్డు) ఒకటి, మూడు జంపర్ వైర్లు, ఒక పవర్ బ్యాంకు, కిలో పొటాష్, రెండు పల్చటి పాలిథిన్ సంచులు, నల్ల కాగితం. కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నాకు మూడు వేల పైచిలుకు పడింది. అందులో జె-305 అనే, కణాలను పట్టే గాజు ట్యూబు వస్తుంది. కొన్నిటిలో రష్యావాళ్ళ ఎస్‌బీఎం-20 లోహపు ట్యూబు ఉంటుంది. బీటా కణాలకు, అంటే పొటాషియం విసిరే ఆ ఎలక్ట్రాన్లకు, రెండోది ఇంకాస్త మేలు. పొటాష్ ఎరువుల కొట్లో విడిగా ఇవ్వకపోతే పొలమున్న ఎవరినైనా ఒక దోసెడు అడగండి, కాదనరు.

పొటాష్ కాకుండా ఇంకేవైనా వాడవచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. కళింగపట్నం వైపు ఒడ్డున నల్ల ఇసుక ఉంటుంది. మన తీరపు ఇసుకల్లో థోరియం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది, కౌంటర్ అక్కడ చురుగ్గా పలకవచ్చు. కానీ మోనజైట్ అణుశక్తి చట్టం కిందికి వచ్చే ఖనిజం. ఆ ఇసుకను ఇంటికి తేవద్దు. సరదా ఉంటే కౌంటరునే ఒడ్డుకు తీసుకెళ్ళి వినండి. జాతరల్లో వాడిన పాత పెట్రోమాక్స్ మాంటిల్స్‌లోనూ థోరియం ఉండేది. కాలిన మాంటిల్ వేలు తగిలితే పొడైపోతుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పొగను పసిగట్టే అలారం పెట్టెల్లో కొన్నిటిలోనూ రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, వాటిని విప్పడం అసలే వద్దు. పొటాష్‌తో ఈ బెడద ఏదీ లేదు. పిల్లలతో చేయించే పనికి నేను దీన్నే ఒప్పుకుంటాను.

అసలు ఏ పదార్థమూ పెట్టకపోయినా ట్యూబు ఊరికే ఉండదు. నేల నుంచి, ఇటుక గోడ నుంచి, ఆకాశం నుంచి వచ్చే కణాలు తగులుతూనే ఉంటాయి. మా ఇంట్లో ఉత్త ట్యూబు నిమిషానికి 22 నుంచి 25 సార్లు పలికింది. పొటాష్ ఆనించాక 60 దాకా వెళ్ళింది. మీ ట్యూబును బట్టి, పొటాష్ ఎంత దగ్గరగా ఆనిందన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

అమర్చడం

ముందు భద్రత. ట్యూబు మీద సుమారు 400 వోల్టులు ఉంటాయి. కరెంటు చాలా తక్కువే అయినా చెయ్యి తగిలితే గట్టిగా జిల్లుమంటుంది. కాబట్టి ట్యూబు బిగించేదాకా బోర్డుకు పవర్ ఇవ్వకండి. తీసేటప్పుడు పవర్ ఆపి ఒక నిమిషం ఆగండి. చేతులు పొడిగా ఉండాలి. ట్యూబుకు ప్లస్ గుర్తున్న కొన బోర్డు మీది ప్లస్ క్లిప్పులోకే వెళ్ళాలి. గాజు ట్యూబు క్లిప్పుల దగ్గర సులభంగా పగులుతుంది, నొక్కకుండా నిదానంగా దూర్చండి.

కిట్ బోర్డు మీద మూడు పిన్నులుంటాయి: పవర్, గ్రౌండ్, పల్స్. పవర్‌ను ఆర్డుయినో 5 వోల్టుల పిన్నుకు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు, పల్స్‌ను 2వ నంబరు పిన్నుకు కలపండి. ఈఎస్‌పీ-32 అనే ఇంకో రకం బోర్డు వాడేవాళ్ళు జాగ్రత్త: ఆ బోర్డు 3.3 వోల్టులకు మించి తట్టుకోదు, పల్స్ దారిలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించుకోవాలి.

పొటాష్‌ను పాలిథిన్ సంచిలో పోసి, మూతి బిగించి, దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. పల్చటి పాలిథిన్ బీటా కణాలను పెద్దగా ఆపదు. స్టీలు డబ్బాలో పోస్తే మాత్రం ఆ గోడ దాదాపు అన్నింటినీ మింగేస్తుంది. రెండు సంచులు ఎందుకంటే పొటాష్ చెమ్మను పీల్చుకుంటుంది. మన తీరం గాలికి, వానాకాలంలో అయితే మరీ, ఒక్క రోజులో ముద్దవుతుంది. ఆ ఉప్పు చెమ్మ బోర్డు మీద పడితే 400 వోల్టులు పక్కదారి పట్టి, లేని చప్పుళ్ళు వినిపిస్తాయి.

దొంగ చప్పుళ్ళు ఇంకా మూడు చోట్ల నుంచి వస్తాయి. గాజు ట్యూబు మీద ఎండ పడితే వెలుతురుకే పలుకుతుంది, అందుకే దాని చుట్టూ నల్ల కాగితం చుట్టండి. అదే లైను మీద నీళ్ళ మోటారు వేస్తే ఆ కుదుపు పల్స్‌గా లెక్కలోకి వస్తుంది, అందుకే పవర్ బ్యాంకు. ఫోన్ పక్కనే ఉంటే కాల్ వచ్చినప్పుడు కొన్ని పల్సులు పెరగవచ్చు, దాన్ని ఇంకో గదిలో పెట్టండి. పవర్ బ్యాంకుతోనూ ఒక తంటా ఉంది. ఈ బోర్డులు లాగే కరెంటు తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు "ఏమీ తగిలించలేదు" అనుకుని తమంతట తామే ఆగిపోతాయి. రాత్రంతా నడపాలనుకున్నవాళ్ళు ముందు ఒక గంట నడిపి చూసుకోండి.

చప్పుడును బిట్‌గా మార్చడం

ఈ మొత్తం పనిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. చప్పుడు ప్రకృతి ఇస్తుంది, పాడు చేసేది మనం.

పద్ధతి చెబుతాను. ఒక చప్పుడుకూ తర్వాతి చప్పుడుకూ మధ్య పట్టిన కాలాన్ని కొలవండి. అది మొదటి వ్యవధి. ఆ తర్వాతి చప్పుడు దాకా పట్టింది రెండో వ్యవధి. మొదటిది చిన్నదైతే 0 రాయండి, పెద్దదైతే 1 రాయండి. రెండూ సమానమైతే పారేయండి. అంతే. ఇది స్విట్జర్లాండ్‌లో జాన్ వాకర్ 1996 నుంచి చాలా ఏళ్ళు నడిపిన హాట్‌బిట్స్ అనే సేవ వాడిన పద్ధతి. ఆయన ఆటోడెస్క్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుల్లో ఒకడు. గీగర్ ట్యూబు నుంచి తీసిన బిట్లను ఇంటర్నెట్‌లో అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాడు.

దీని అందం చూడండి. ట్యూబు మంచిదా కాదా, పొటాష్ ఎక్కువా తక్కువా అన్నది మనకు అక్కర్లేదు. రెండు వ్యవధులూ ఒకే మూసలో పోసినవి, ఒకదానికొకటి సంబంధం లేనివి. కాబట్టి మొదటిది చిన్నది కావడానికి ఎంత అవకాశముందో, రెండోది చిన్నది కావడానికీ సరిగ్గా అంతే. బొమ్మా బొరుసూ ఎంత అరిగినా లెక్క తప్పని నాణెం దొరికినట్టు.

ప్రోగ్రాము ఇలా రాయండి. 2వ పిన్ను మీద పల్స్ పడగానే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ముందు దీన్ని చూడమనే పిలుపు) పలకాలి. అందులో మైక్రోసెకన్ల గడియారం చూసి సమయం రాసుకోవాలి, అంతకుమించి ఇంకేమీ చేయకూడదు. పోల్చడం, స్క్రీన్‌కు పంపడం లాంటివన్నీ బయటి లూపులో జరగాలి. కిందటి పల్స్ నుంచి 1 మిల్లీసెకను కూడా గడవకుండా వచ్చిన పల్స్‌ను వదిలేయండి. ట్యూబు ఒకసారి పలికాక కొద్దిసేపు చెవిటిదవుతుంది, ఒక్కోసారి అదే కణానికి రెండుసార్లు పలుకుతుంది. మైక్రోసెకన్ల గడియారం సుమారు 71 నిమిషాలకొకసారి మళ్ళీ సున్నాకు వస్తుంది. సమయాలను ప్లస్, మైనస్ గుర్తు లేని (అన్‌సైన్డ్) 32 బిట్ల పూర్ణాంకాలుగా పెట్టుకుని తీసివేస్తే ఆ మలుపు దగ్గర కూడా తేడా సరిగ్గానే వస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. రాత్రి చల్లబడుతుంటే, చెమ్మ పెరుగుతుంటే చప్పుళ్ళ జోరు మెల్లగా మారవచ్చు. జోరు తగ్గుతుంటే రెండో వ్యవధి ఎప్పుడూ వెంట్రుకవాసి పెద్దదవుతుంది. దాన్ని సరిచేయడానికి ఒక బిట్‌కు "చిన్నదైతే 0", తర్వాతి బిట్‌కు "చిన్నదైతే 1" అని నియమాన్ని మార్చి మార్చి వాడండి. ఒకసారి ఇటు ఒరిగింది ఇంకోసారి అటు ఒరిగి చెల్లుకు చెల్లవుతుంది. వాకర్ కూడా ఇలాగే చేశాడు.

ఇప్పుడు నేను చేసిన రెండు తప్పులు చెప్పాలి, మీరు చేయకుండా ఉండటానికి. మొదట్లో నేను వ్యవధులు పోల్చలేదు. చప్పుడు పడ్డ క్షణం మైక్రోసెకన్లలో సరి సంఖ్యా బేసి సంఖ్యా అని చూసి, సరి అయితే 0, బేసి అయితే 1 రాయించాను. చప్పుడుకొక బిట్ వస్తుంది కదా అని ఆశ. పది నిమిషాల తర్వాత ఒక పాప స్క్రీన్ చూసి, "మేస్టారూ, ఇది సున్నాలు తప్ప ఇంకేటీ ఇవ్వట్నేదు" అంది. ఊనో గడియారం 4 మైక్రోసెకన్ల గంతులు వేస్తుంది. అది చూపే సంఖ్య ఎప్పుడూ 4 చేత భాగింపబడేదే, బేసి రానే రాదు. క్వాంటమ్ మెకానిక్స్ తన పని సరిగ్గానే చేసింది, కొలబద్ద గీతలే నేను చూసుకోలేదు.

రెండో తప్పు ఇంతకన్నా లోతైనది. వ్యవధులు పోల్చడం మొదలుపెట్టాక, బిట్లు త్వరగా రావాలని మొదటిదాన్ని రెండోదానితో, మళ్ళీ ఆ రెండోదాన్నే మూడోదానితో పోల్చాను. సున్నాలు, ఒకట్లు చక్కగా సగం సగం వచ్చాయి. వారం రోజులు సంతోషంగా ఉన్నాను. తర్వాత జంటలు లెక్కపెట్టి చూస్తే 00, 11 చాలా తక్కువగా, 01, 10 చాలా ఎక్కువగా ఉన్నాయి. ఆలోచిస్తే కారణం దొరికింది. రెండో వ్యవధి రెండు పోలికల్లోనూ ఉంది. అది మొదటిదానికంటే పెద్దదని తేలాక, మూడోది దానికన్నా ఇంకా పెద్దది కావడం కష్టం. మూడూ వరసగా పెరుగుతూ పోయే అవకాశం ఆరింట ఒకటి, మనకు కావలసింది నాలుగింట ఒకటి. కాబట్టి ఒకసారి వాడిన వ్యవధిని ఇంకోసారి వాడకండి. రెండు చప్పుళ్ళకు ఒక బిట్, అంతకు ఆశపడవద్దు. నిమిషానికి 60 చప్పుళ్ళుంటే 30 బిట్లు వస్తాయి.

పరీక్షించడం

ఒక రాత్రి నడిపి 10,000 బిట్లు పోగు చేయండి. పైన చెప్పిన జోరుకు ఐదున్నర గంటలు పడుతుంది. పొద్దున్నే ఒకట్లు లెక్కపెట్టండి. 5,000 దరిదాపుల్లో ఉండాలి. సరిగ్గా 5,000 రావాలని కాదు. 4,900కూ 5,100కూ మధ్య ఉంటే మంచిదే, నూటికి 95 సార్లు అలాగే వస్తుంది. తర్వాత బిట్లను రెండేసి చొప్పున 5,000 జంటలుగా విడదీయండి. 00, 01, 10, 11 ఒక్కోటి 1,250 చుట్టుపక్కల ఉండాలి. ప్రతి రకానికీ, వచ్చిన సంఖ్యకూ 1,250కూ మధ్య తేడాను వర్గం చేసి 1,250తో భాగించి, నాలుగూ కలపండి. మొత్తం 7.8 దాటితే అనుమానించి ఇంకో రాత్రి నడపండి. మళ్ళీ దాటితే ఎక్కడో తప్పుంది. ఇదే కై-స్క్వేర్ పరీక్ష. మన పక్కనే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచానికి గణాంకశాస్త్రం నేర్పిన సి.ఆర్. రావు గారి రంగం ఇది. పిల్లలకు ఆయన పేరు చెప్పి ఈ లెక్క చేయించడం నాకు ఇష్టం.

చప్పుళ్ళనే నేరుగా పరీక్షించే పద్ధతి ఇంకా పాతది. 1910లో రూథర్‌ఫర్డ్, గీగర్ కలిసి పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాల మెరుపులను ఏడున్నర సెకన్ల చొప్పున 2,608 సార్లు లెక్కపెట్టారు. మొత్తం 10,097 వచ్చాయి. ఏ ఏడున్నర సెకన్లలో ఎన్ని మెరుపులన్న పట్టిక, ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఘటనలు పాటించాల్సిన పాయిసాన్ సూత్రానికి దగ్గరగా సరిపోయింది. మీరూ పది సెకన్లకొకసారి ఎన్ని చప్పుళ్ళో రాసి, సగటును, విస్తృతిని (సగటు నుంచి ఒక్కోదానికి ఉన్న తేడాల వర్గాల సగటును) లెక్కగట్టండి. అవి రెండూ దాదాపు సమానంగా రావాలి. విస్తృతి బాగా ఎక్కువైతే మోటారో, చెమ్మో, ఎండో లోపలికి దూరిందని అర్థం.

ఒకటి మరచిపోవద్దు. ఈ పరీక్షలు తప్పును పట్టుకుంటాయే తప్ప ఒప్పును రుజువు చేయవు. పై (π) విలువలోని అంకెలు కూడా ఇలాంటి పరీక్షలన్నీ పాసవుతాయి, కానీ అవి ఎవరైనా లెక్కగట్టగలిగేవే. మన బిట్లను నమ్మేది అవి పుట్టిన చోటును చూసి. ఆ పెట్టెలో ఏముందో మన కళ్ళతో చూశాం కాబట్టి. పెట్టెను కూడా నమ్మనక్కర్లేకుండా బెల్ పరీక్షతోనే రుజువైన బిట్లు తీసినవాళ్ళూ ఉన్నారు. మీటరు దూరంలో ఉన్న యటర్బియం అనే లోహపు రెండు అయాన్లతో అమెరికాలోని మేరీల్యాండ్‌లో చేసిన ఆ ప్రయోగం 2010లో అచ్చయింది. దాదాపు నెల రోజుల శ్రమకు వచ్చినవి 42 బిట్లు. మన పొటాష్ సంచి రెండు నిమిషాల్లోపే అన్ని ఇస్తుంది, కానీ ఆ హామీ ఇవ్వలేదు. ఈ తేడా పిల్లలకు దాచకుండా చెప్పండి.

వాడటం

చీటీలకైతే బిట్లు అందరి ముందూ రావాలి. మా కాలువ దగ్గర చేసింది చెబుతాను. 11 మందికి 0 నుంచి 10 దాకా నంబర్లిచ్చి, ఎవరికి ఏ నంబరో పలక మీద ముందే రాశాం. నాలుగు బిట్లు కలిపితే 0 నుంచి 15 లోపు ఒక సంఖ్య వస్తుంది. 11 నుంచి 15 వస్తే వదిలేసి తర్వాతి నాలుగు బిట్లు తీసుకోవాలి. అప్పటికే వచ్చిన నంబరు మళ్ళీ వచ్చినా వదిలేయాలి. చాలామంది ఇక్కడ 11తో భాగించి శేషం తీసుకుంటారు. అది తప్పు. అలా చేస్తే 0 నుంచి 4 దాకా నంబర్లున్నవాళ్ళకు రెండేసి దారులు, మిగతావాళ్ళకు ఒక్కటే దారి. అంత కష్టపడి తెచ్చిన న్యాయం చివరి లెక్కలో జారిపోతుంది. పదిమంది వరస తేలాక పదకొండో మనిషికి తీయనక్కర్లేదు. మొత్తానికి సగటున 130 బిట్లు, నాలుగైదు నిమిషాల పని.

మొదలుపెట్టే ముందే "ఆరు గంటల తర్వాత వచ్చే మొదటి బిట్ నుంచి" అని గట్టిగా చెప్పాలి. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా "ఇంకోసారి తీద్దాం" అన్న మాటకు ఒప్పుకోకూడదు. నచ్చేదాకా తీసే చీటీలో పొటాషియం చెప్పిన మాట ఉండదు, మన మాటే ఉంటుంది. ఆ రోజు ఆ పెద్దాయన సంచి దగ్గర చెవి పెట్టి కాసేపు విన్నాడు. "ఇది మన పొటాషేనా బాబూ?" అని అడిగి, సంచి విప్పించి, చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు. తర్వాత తన వంతు ఎంతని అడగలేదు, తానే పలక చదువుకున్నాడు.

పాస్‌వర్డుకైతే పద్ధతి తలకిందులు. బిట్లు ఎవరి కంటా పడకూడదు, ఫోటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. నేనైతే చేట, రోలు, తాటిముంజె, గొడుగు, నాగావళి లాంటి 1,024 తెలుగు మాటల జాబితా రాసుకున్నాను. పది బిట్లకు ఒక మాట. ఏడు మాటలు కలిపితే 70 బిట్లు, ఇంకొకరు ఊహించడం దాదాపు అసాధ్యం, మనకు గుర్తు పెట్టుకోవడం సులువు. జాబితా బయటపడినా నష్టం లేదు, రహస్యం బిట్లలో ఉంది. వచ్చిన మాటలు బాగాలేవని మార్చుకోకండి.

కౌంటరు మీదే పూర్తి భారం వేయడం ఇష్టం లేకపోతే, అన్నే బిట్లు కంప్యూటర్ నుంచి కూడా తీసుకుని జంటగా కలపండి: రెండూ ఒకటే అయితే 0, వేరువేరైతే 1. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చినంతకాలం, రెండింటిలో ఏ ఒక్కటి మంచిదైనా ఫలితం మంచిదే అవుతుంది.

పని అయ్యాక పవర్ ఆపి, ట్యూబును పొడి గుడ్డతో తుడిచి, మూత గట్టిగా బిగిసే సీసాలో దాచండి, చెమ్మ పెద్దగా పట్టదు. ఆ కిలో పొటాష్‌ను పారబోయకండి. ముద్దకట్టినా ఎరువుగా దాని బలం పోదు. చిదిమి, అంకురం దశలో చేలో చల్లేయండి.